ఒర్రెలో పడ్డ ఆకు తీసేయాల్నా, ఉంచాల్నా?

తాడ్వాయి టీచర్:
అందరికీ నమస్తే. తాడ్వాయి అడవి అంచున చిన్న బడిలో సైన్సు చెప్తాను. బడి వెనక ఒక ఒర్రె ఉంది. వానలు ఆగినా సంక్రాంతి దాటేదాకా పిక్కలలోతు నీళ్లు పారుతయి. దీపావళి నుంచి టేకు, మేడి, నల్లమద్ది ఆకులు పడి రాళ్ల సందుల్లో కుప్పలైతయి. నీళ్లు డికాషన్ రంగుకొస్తయి. నీళ్లు చెడిపోతున్నయి, ఆకంతా ఎత్తి కాలబెడదాం అని ఊళ్లో కొందరు అంటున్నరు. నాకు మనసొప్పలేదు, కానీ గట్టిగా చెప్పడానికి కారణం కావాలె.

అందుకని పిల్లలతో ఒక పని చేయించిన. మూడు రకాల పండుటాకులు ఏరి, ఎండబెట్టి, పది గ్రాముల చొప్పున కొన్ని ఉల్లిగడ్డల జాలిసంచుల్లో, కొన్ని దోమతెర గుడ్డ సంచుల్లో కుట్టి, రాయికి కట్టి ఒర్రెలో వేసినం. నాలుగు వారాలకు తీసినం. జాలిసంచిలో మేడాకు ఈనెలే మిగిలినయి. దోమతెరలో అదే ఆకు మెత్తబడ్డది గానీ ఆకారం పోలేదు. టేకుకు అక్కడక్కడ బొక్కలు. నల్లమద్ది రెండింట్లోనూ దాదాపు వేసినట్టే ఉంది. జాలిసంచిలో ఆకుముక్కలు అతికించిన సన్న గొట్టం ఒకటి దొరికింది. చెత్త అనుకున్నం, పళ్లెంలో పెడితే నడిచింది! రాళ్ల కింద మూడు తోకల బల్లపరుపు పురుగులు కూడా ఉన్నయి. ఆకును తిన్నదెవరు? నీళ్ల రంగు ప్రమాదమా?

వాగులు చూసేవాడు (హన్మకొండ):
మేడం, మీ రెండు సంచులే సగం జవాబు చెప్పాయి. దోమతెరలోకి పురుగులు, ఎండ్రకాయలు దూరలేవు, కంటికి కనబడని బూజులు, బాక్టీరియా మాత్రం వెళ్తాయి. రెండు సంచుల మధ్య తేడాలో ఎక్కువ భాగం పురుగుల, ఎండ్రకాయల పనే. దోమతెరలో నీళ్ల పారుదల కూడా తగ్గుతుంది కాబట్టి మొత్తం వాటి ఖాతాలోనే వేయకండి.

ఆకు నీళ్లలో పడగానే మొదటి రెండు మూడు రోజుల్లో కరిగేవన్నీ దిగిపోతాయి. చక్కెరలు, టానిన్లు. మీ డికాషన్ రంగు అదే. తోలు పదును చేయడానికి తంగేడు చెక్క నానబెడితే దిగే రసం లాంటిదే. పారే నీళ్లలో దాంతో భయం లేదు. నీళ్లు ఆగిపోయిన మడుగులో ఆకు మరీ ఎక్కువై కుళ్లిన గుడ్డు వాసన వస్తే మాత్రం అక్కడ ఆక్సిజన్ అయిపోయిందని అర్థం.

తర్వాత బూజులు ఎక్కుతాయి. నాకు ఇది అన్నింటికంటే ఇష్టమైన ఘట్టం. ఇంగోల్డ్ అనే, ఇంగ్లండులో పనిచేసిన శాస్త్రవేత్త 1942లో, వాగులో కుళ్లుతున్న ఆకుల మీద ఈ బూజుల గురించి రాశాడు. వీటి బీజాలు చాలావాటికి నాలుగు చేతులుంటాయి, పారే నీళ్లలో కొట్టుకుపోకుండా ఆకుకు పట్టుకోవడానికి. బూజు పట్టిన ఆకు మెత్తబడుతుంది, బలమైన తిండి అవుతుంది. ఉత్త ఆకు కంటే బూజు పట్టిన ఆకునే పురుగులు కోరి తింటాయి. టేకు, నల్లమద్ది లాంటి గట్టి ఆకులను బూజు లొంగదీయడానికే ఎక్కువ రోజులు పడుతుంది.

మీ నడిచే గొట్టం ఒక రెక్కల పురుగు పిల్ల. నోటి దగ్గర పట్టుదారం తీసి, ఆకుముక్కలు కత్తిరించి ఇల్లు కట్టుకుంటుంది. సీతాకోకచిలుకలకు, పట్టుపురుగులకు దగ్గరి చుట్టం. మహదేవ్‌పూర్ వైపు నల్లమద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగులు పెంచడం మీ పిల్లలకు తెలిసే ఉంటుంది, దాంతో కలిపి చెప్పండి. మూడు తోకలవి ఆకును కొరికేవి కావు, పెద్దవి తిని వదిలిన నలుసులు, రాళ్ల మీది పాచి తింటాయి. రెక్కలొచ్చాక వాటికి తినే నోరే ఉండదు, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి.

చలిదేశాల్లో గడ్డకట్టిన మంచు కింద కూడా ఆకు కొరికే పురుగులు చలికాలమంతా ఆకు తింటూ పెరుగుతాయి. మన దగ్గర ఆకు కొరికే పురుగులు తక్కువ, ఎండ్రకాయలు, నత్తలు ఆ పనిలో చేయి వేస్తాయి. మనకూ చలికాలమే అదను. వరద ఉండదు, ఆకు కొట్టుకుపోదు. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పడితే 30 దగ్గర ఏడున్నరే. ఎండాకాలం ఒర్రె ఎండితే మిగిలిన ఆకు చెదల పాలు. అందుకే ఈ మూడు నెలల్లో ఆకు ఎత్తేస్తే, ఒర్రెలోని జీవుల కంచంలో అన్నం తీసేసినట్టే. దయచేసి తీయనివ్వకండి.

ఆ నాలుగు చేతుల బూజు బీజాలు చూడాలంటే ఒక పని చేయండి: పొద్దున్నే రాళ్ల దగ్గర ఆగిన నురగ సీసాలో పట్టి బడి మైక్రోస్కోపు కింద చూడండి.

మేడారం దారి:
బిడ్డా, నేను పురుగుల శాస్త్రం చదువుకోలే. మా ఊరి ఒర్రెల ఒక ఏడు ఆకంతా గీకి గడ్డకేసి అంటువెట్టిన్రు. ఆ ఏడు సంక్రాంతికి పోతే ఎండ్రకాయలు లెవ్వు, పరిగెలు లెవ్వు. రాళ్లు లేపితె ఉత్త ఇసుక. రెండేండ్లకు గాని మళ్ల కనవడలే. ఇంకో మాట. 2024 ఆగస్టు 31న గాలివానకు మన అడవిల వేల చెట్లు పడ్డయి కదా, ఆడ నీడ పోయిన ఒర్రెలల్ల ఇప్పుడు ఆకు తక్కువ, పచ్చ పాచి ఎక్కువ. ఒడ్డు మీది మేడిని, నేరేడును కొట్టనియ్యకు. ఆకు ఆడికెల్లే రావాలె.

తాడ్వాయి టీచర్:
అన్నా, సార్, ఇద్దరికీ దండాలు. ఊళ్లో రెండు సంచులూ విప్పి చూపించిన. ఆకు తీయొద్దని ఒప్పుకున్నరు, ఆగిన ఒక్క మడుగులో మాత్రం కొంచెం తీస్తరట. ఈ పొద్దు నురగ పట్టినం. గంటసేపు ఏమీ కనబడలేదు. తర్వాత ఆరో తరగతి పాప ఒకటి పట్టింది, చుక్క నుంచి నాలుగు గీతలు లాగినట్టు ఉంది. బడి ముందర దాన్నే ముగ్గేసింది.