‘కష్టపడి చదువు’ అనడం తప్పా? కష్టం అంటే శ్రమా, బాధా?

వాచకం_రచన:
పిల్లల వాచకాల్లో ‘కష్టపడి చదివి పైకొచ్చాడు’ లాంటి వాక్యాలు తీసేయాలని నా వాదన. సంస్కృతంలో కష్టం అంటే నొప్పి, కీడు. నాటకాల్లో పాత్రలు ‘హా కష్టం!’ అని వాపోయేది అందుకే. పనికి ‘శ్రమ’ అనే మాట ఉండనే ఉంది. రెంటికీ ఒకే మాట వాడితే చదువంటేనే బాధ అని పిల్లల మనసులో పడిపోతుంది. ‘శ్రద్ధగా చదివి’ అంటే సరిపోదా?

వ్యాకరణాభిమాని:
సరిపోదండి. మాట సంస్కృతం నుంచే వచ్చినా, ఇప్పుడు దాని అర్థం తేల్చేది తెలుగు వాడుకే. ఆ వాడుక గందరగోళంగా ఏమీ లేదు, చాలా పద్ధతిగా ఉంది. బహువచనం చేసి చూడండి. ‘రెక్కల కష్టం’ అంటాం, ‘రెక్కల కష్టాలు’ అనం. ‘కష్టాలు’ అన్నామంటే అవి బాధలే. క్రియ మార్చినా తేడా తెలుస్తుంది: ‘కష్టించి’ అంటే నేటి వాడుకలో పనే, ‘కష్టపెట్టి’ అంటే బాధే. ‘కష్టంలో ఉన్నాడు’ అంటే ఆపద, ‘కష్టానికి తగ్గ కూలి’ అంటే శ్రమ. వీలునామాల్లో ‘నా స్వకష్టార్జితం’ అని రాసేది పిత్రార్జితం కాదని చెప్పడానికి. అక్కడ ఎవరూ బాధతో సంపాదించిన ఆస్తి అని చదువుకోరు.

నిజంగా తడబాటు వచ్చేది ఒక్క ‘కష్టపడ్డాడు’ దగ్గరే. ‘కష్టాలు పడ్డాడు’ అంటే సందేహం లేదు. ‘కష్టపడి’ తర్వాత ఇంకో క్రియ వస్తే (చదివాడు, కట్టాడు, తెచ్చాడు) శ్రమ అర్థమే ముందుకొస్తుంది. వాక్యం ‘కష్టపడ్డాడు’ దగ్గరే ఆగిపోతే మాత్రం ముందువెనకలు చూడాల్సిందే.

కరీంనగర్_మాట:
మా దిక్కు ఇది ఇంకా సాఫ్‌గ ఉంటది. ‘కష్టం చేస్కొని బతుకుతున్నం’ అంటే కూలినాలి చేస్కొని బతుకుతున్నమని. ‘చేసుడు’ కలిస్తే ఇగ బాధ అర్థం రానే రాదు. బాధకు గోస ఉంది, తిప్పలున్నయి. పేపర్లల్ల ‘నీళ్ల కష్టాలు’ అని రాస్తరు గని, నోటితోటి ‘నీళ్ల గోస’ అనే అంటరు. ‘తిప్పలు’ అంటే తిరుగుడు, ఆఫీసుల చుట్టు తిరిగి తిరిగి అలసినోని మాట. గోసల ఏడుపు ఉంటది. ఈ రెండింటి తావుల ‘కష్టం’ పెడితె ఆ బరువు రాదు.

అనువాదాలు:
పక్క భాషలు కూడా చూడాలి. మరాఠీలో శ్రమజీవిని ‘కష్టకరీ’ అంటారు, అంటే ఈ అర్థం తెలుగులోనే పుట్టిన తప్పు కాదు. హిందీ ‘కష్ట్’లో ఆ అర్థం లేదు, పనికి వాళ్లు ‘మెహనత్’ అంటారు. అందుకే హిందీ నుంచి తెచ్చేటప్పుడు ‘మెహనత్’ను కష్టం అని రాయొచ్చు గానీ, చిన్నపాటి ‘కష్ట్’ను ఇబ్బంది అనాలి. ‘మీకు కష్టం కలిగించాను’ అని రాస్తే ఏదో పెద్ద ఆపద తెచ్చిపెట్టినట్టుంటుంది. ‘ఇబ్బంది పెట్టాను’, ‘శ్రమ ఇచ్చాను’ అనేవే మన మర్యాద మాటలు.

ఇంకోటి. ‘రేపటికి అవడం కష్టమండి’ అంటే శ్రమపడితే అవుతుందని కాదు, అవదని. మొహం మీద కాదనలేక చెప్పే మాట. దీన్ని మాటకు మాటగా అనువదిస్తే అవతలివాడు రేపు వచ్చి కూర్చుంటాడు!

వాచకం_రచన:
బహువచనం సంగతి ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు. కానీ ‘పిల్లల్ని చదివించడానికి ఆమె చాలా కష్టపడింది’ అనే వాక్యంలో ఏ అర్థం తీసుకోవాలి? ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా చెప్పాలి?

వ్యాకరణాభిమాని:
రెండూ తీసుకోవాలి. పనీ చేసింది, లేమీ అనుభవించింది. అక్కడ ‘శ్రమించింది’ అని మారిస్తే రెండోది పోతుంది. ‘కష్టాలు పడింది’ అంటే ఆమె చేసిన పని కనబడదు. ఆ వాక్యం మార్చకండి. ఇక ‘శ్రద్ధ’ అంటారా, ఏమరపాటు లేకపోవడం తప్ప అందులో అలసట లేదు. ‘బస్తా శ్రద్ధగా మోశాడు’ అంటే జారిపోకుండా మోశాడని. ‘కష్టపడి మోశాడు’ అంటేనే బస్తా బరువు పిల్లకు తెలుస్తుంది.