బైలా సవరణ: మూడింట రెండు వంతులంటే ఎవరిలో?

సీబ్లాక్404: హైదరాబాద్‌లో 212 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. మొన్న జనరల్ బాడీకి 74 మంది వచ్చారు. 52 మంది చేతులెత్తగానే, అన్ని ఫ్లాట్లకీ ఒకటేగా ఉన్న మెయింటెనెన్స్ చదరపు అడుగుల లెక్కకి మారిందని మినిట్స్‌లో రాసేశారు. నోటీసులో ఆ అంశమే లేదు, 'అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు' కింద తెచ్చారు. బైలాలో, అంటే సంఘం నియమావళిలో, సవరణకి 'సభ్యుల్లో మూడింట రెండు వంతులు' అని ఉంది. వచ్చినవాళ్లలోనా, మొత్తంలోనా? ప్రాక్సీలు, అంటే ఓనర్ బదులు వచ్చి ఓటేసేవాళ్లు, చెల్లుతాయా?

పాత_సెక్రటరీ: పదకొండేళ్లు చేసినవాణ్ణి, వినండి. 1860 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 12వ సెక్షన్. పది రోజుల ముందు నోటీసు, ఐదింట మూడు వంతుల ఓట్లు, నెల ఆగి రెండో మీటింగ్‌లో మళ్లీ ఖాయం చెయ్యాలి. మీది చెల్లదు.

లెక్కలమాస్టారు: సార్, మనకి 2001లోనే వేరే సొసైటీల చట్టం వచ్చింది. మీరింకా విక్టోరియా రాణి దగ్గరే ఆగారు. పైగా ఆ 12వ సెక్షన్ సంఘం ఆశయాలు మార్చడానికి, మెయింటెనెన్స్‌కి కాదు.

పాత_సెక్రటరీ: మాది 1998 రిజిస్ట్రేషన్. అప్పటికి మీరు పుట్టారా?

లెక్కలమాస్టారు: పుట్టాను. మీలాంటి వాళ్ల ఓచర్లు చూడ్డానికే.

చిన్నఫ్లాటు: మార్పు మంచిదే కదా! మా 950 అడుగులకీ, పక్కవాళ్ల 1,850కీ ఒకటే రేటా?

పెంట్‌హౌస్: లిఫ్టు అడుగులు కొలిచి ఎక్కించుకుంటుందా? మేమిద్దరం, మీరు ఆరుగురు. మోటారు ఎవరి కోసం ఎక్కువ తిరుగుతోంది?

చిన్నఫ్లాటు: మీ టెర్రస్ మొక్కలకి పోసేది మంజీరా నీళ్లేనా అండీ?

డల్లాస్‌బాబు: ప్రాక్సీ అంటే గుర్తొచ్చింది. లెటర్ ఇచ్చి నాన్నగారిని పంపితే 'ఓనర్ రావాలి' అని కూర్చోబెట్టేశారు. స్పెషల్ కలెక్షన్ అప్పుడు మాత్రం అర్ధరాత్రి నాకే ఫోన్.

వనస్థలి_వాణి: చేతుల లెక్క అసలు నమ్మొద్దు. మా దగ్గర 'టీ ఇటు' అని చెయ్యెత్తిన మా బావగారిని కూడా అనుకూలంలో కలిపేశారు. ఆయన వ్యతిరేకం! స్లిప్పులు పెట్టమనండి.

లెక్కలమాస్టారు: 404 గారూ, బైలాలో 'హాజరై ఓటేసిన' అన్న మాట ఉందా? ఉంటే 50 చాలు, నెగ్గినట్టే. లేకపోతే మొత్తం సభ్యులే అని వాదించొచ్చు, అప్పుడు 142 కావాలి. నోటీసులో లేకపోవడమే మీకు గట్టి పాయింటు. సవరణ రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేశారేమో సర్టిఫైడ్ కాపీ తీయండి. తేలకపోతే 2001 చట్టం 23వ సెక్షన్ కింద ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు), లేదా జిల్లా కోర్టు.

సీబ్లాక్404: థాంక్స్ అండీ. ప్రాక్సీ సంగతి?

డీబ్లాక్_రాణి: కుక్కల్ని లిఫ్టులో తీసుకెళ్లొద్దని బైలా ఎవరైనా మార్చారా?

పాత_సెక్రటరీ: దానికి వేరే చర్చ పెట్టండమ్మా. అయినా చెప్తాను, మా టైంలో...