ఏం చేసినా స్వార్థమే అనేవాళ్లకి జవాబు ఉందా?

సందేహాల సంచి:
నేను కొంతకాలంగా ప్లేట్‌లెట్లు దానం చేస్తున్నాను. మామూలు రక్తదానంలా కాసేపట్లో అయిపోయేది కాదు, మెషిన్ పక్కన గంటకు పైగా కదలకుండా పడుకోవాలి. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, ఎవరేం చేసినా దాని వెనక స్వార్థం వెతుకుతాడు. "నువ్విచ్చేది ఎవరికోసమో కాదు, నీ తృప్తి కోసం" అన్నాడు. తృప్తేం లేదు, ఇచ్చిన రోజు నీరసంగా, చిరాగ్గా ఉంటుందన్నాను. "అయితే ఇవ్వకపోతే గిల్టీగా ఉంటుంది, అది తప్పించుకోవడానికి" అన్నాడు. మరి ఎవరికీ చెప్పకుండా సాయం చేసేవాళ్లో అంటే, "తమ కళ్లకి తాము గొప్పగా కనబడాలి కదా" అట.

నాకు కోపం లేదు. ఆయన ఎక్కడా దొరకడు, అదే బాధ. ఎకనామిక్స్, సైకాలజీ, పరిణామవాదం అన్నీ చివరికి ఇదే చెప్తాయని ఆయన ధీమా. నిజంగా అంతేనా? దయచేసి సూక్తులు వద్దు, వాదన కావాలి.

ముక్కుసూటి:
మీ ఆఫీసాయన చెప్పింది కరెక్టే. బంధువుల్లోనూ మన జన్యువులే ఉంటాయి కాబట్టి వాళ్లకి చేసే సాయం ఎప్పుడు గిట్టుబాటో 1964లో జీవశాస్త్రవేత్త హామిల్టన్ లెక్క కట్టాడు. బంధువులు కానివాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి 1971లో మరో జీవశాస్త్రవేత్త ట్రివర్స్ లెక్క చెప్పాడు. మిగిలిందంతా సెంటిమెంట్. ఒప్పేసుకుని ప్లేట్‌లెట్లు ఇస్తూ ఉండండి, పోయేదేముంది.

పాత చాక్‌పీస్:
ముక్కుసూటి గారూ, హామిల్టన్ లెక్క జన్యువులది. ఒక గుణం తరతరాలుగా ఎందుకు నిలబడిందో అది చెప్తుంది. ఈ క్షణంలో ఈ మనిషి ఏం కోరుకుంటున్నాడో చెప్పదు. అర్ధరాత్రి బిడ్డ ఏడిస్తే తల్లి లేచేది బిడ్డ కోసమే. ఆ ప్రేమ మనలో ఎందుకు పుట్టిందంటే దానికి జన్యువుల కథ ఉండొచ్చు, అంతమాత్రాన ప్రేమ అబద్ధమైపోదు. ఈ రెంటినీ కలిపేసేవాళ్లతో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ క్లాసులో వేగాను, రిటైరయ్యాక కూడా తప్పట్లేదు.

సంచి గారూ, ఎక్కడా దొరక్కపోవడం ఆయన వాదనకి బలం అనుకుంటున్నారు మీరు. సైన్స్ ఏదో కాదో ఎలా తేల్చాలని ఆలోచించిన తత్వవేత్త కార్ల్ పాపర్‌కి అది జబ్బు లక్షణంలా కనిపించింది. కుర్రతనంలో ఆయన వియన్నాలో మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ దగ్గర కొన్నాళ్లు పనిచేశాడు. 1919లో ఓసారి, ఆడ్లర్ సిద్ధాంతానికి అంతగా నప్పదనిపించిన ఒక పిల్లాడి కేసు తీసుకెళ్లి చెప్పాడు. ఆడ్లర్ ఆ పిల్లాణ్ణి చూడనైనా చూడలేదు, న్యూనతాభావంతో చకచకా వివరించేశాడు. అంత నమ్మకం ఎలాగండీ అంటే, ఇలాంటివి వెయ్యి చూసిన అనుభవం అన్నాడు. అయితే ఇప్పుడది వెయ్యిన్నొకటి అయ్యుంటుంది అని పాపర్ చురక వేశాడు.

తర్వాత పాపర్ ఇచ్చిన ఉదాహరణ ఇంకా బాగుంటుంది. ఒకడు పసివాణ్ణి చంపాలని నీళ్లలోకి తోస్తాడు. ఇంకొకడు అదే పసివాణ్ణి కాపాడబోయి ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆడ్లర్ ప్రకారం ఇద్దరిదీ న్యూనతే: నేరం చేసే ధైర్యం తనకుందని మొదటివాడు, కాపాడే ధైర్యం తనకుందని రెండోవాడు తమకి తాము రుజువు చేసుకుంటున్నారు. రెండు వైపులా అతికే వివరణ, గట్టున నిలబడ్డ మనిషి తోస్తాడో దూకుతాడో ముందుగా చెప్పలేదు. మీ ఆఫీసాయనదీ ఇదే వరస. తృప్తి ఉన్నా స్వార్థమే, చిరాకున్నా స్వార్థమే.

కాబట్టి ఆయనతో కుస్తీ అనవసరం. "ఏం కనబడితే నీ మాట తప్పని ఒప్పుకుంటావ్?" అని అడగండి. ఏమీ చెప్పలేకపోతే వదిలేయండి. చెప్తే మాత్రం అసలు పని అక్కడ మొదలవుతుంది, ఎందుకంటే దాన్ని పరీక్షించొచ్చు. పరీక్షించారు కూడా.

1981లో మనస్తత్వవేత్త డేనియల్ బాట్సన్ బృందం చేసిన ప్రయోగం చూడండి. ఎలేన్ అనే అమ్మాయికి కరెంట్ షాకులు తగులుతున్నట్టు టీవీలో చూపించారు. షాకులు ఉత్తివే, ముందే తీసిన వీడియో. చూసేవాళ్లు కావాలంటే ఆమె బదులు తాము కూర్చోవచ్చు. కొందరికి మొదటి రెండు చూసి వెళ్లిపోవచ్చన్నారు, మిగిలినవాళ్లని పదీ చూడాల్సిందే అన్నారు. చూసి బాధపడలేకే సాయం చేస్తామన్నది నిజమైతే, వెళ్లిపోయే వీలున్నప్పుడు సాయం పడిపోవాలి. ఎలేన్ తమలాంటిది కాదనుకున్నవాళ్లలో అలాగే 64 శాతం నుంచి 18కి పడింది. తమలాంటిదే అనుకున్నవాళ్లలో, అంటే ఆమె మీద సానుభూతి ఎక్కువ కలిగేవాళ్లలో మాత్రం, వెళ్లిపోయే వీలున్నా 91 శాతం మంది షాకులు తాము తీసుకుంటామన్నారు.

చిన్న ప్రయోగమే, ఒక్కో గుంపులో 11 మంది. తమలాంటివాళ్లలో మనం మనల్నే చూసుకుంటామని మరో మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డీని బృందం తర్వాత గట్టిగా ఎదురు వాదించింది. గొడవ తెగిందని నేననను. కానీ అది గొడవ పడదగిన గొడవ. ఏదో ఒక పక్షం ఓడిపోవడానికి అందులో అవకాశం ఉంది.

ముక్కుసూటి:
ఆ 91 శాతం కూడా గిల్టీగా ఫీలవ్వకుండా ఉండటానికే ఒప్పుకున్నారు.

పాత చాక్‌పీస్:
ఈ మాట వస్తుందని బాట్సన్‌కీ తెలుసు. సాయం చేయకపోవడానికి ముందే మంచి సాకు చేతికిచ్చి మళ్లీ ప్రయోగాలు చేశాడు, 1988లో వచ్చాయి. గిల్ట్ ఒక్కటే కారణమైతే, సాకు దొరగ్గానే సానుభూతి ఉన్నవాళ్లు కూడా జారుకోవాలి. జారుకోలేదు. చదివి రండి, అప్పుడు కొట్టుకుందాం.

రాత్రి డ్యూటీ:
బ్లడ్ బ్యాంకులో పనిచేస్తాను. స్వార్థమే మూలమైతే డబ్బిస్తే దాతలు పెరగాలి కదా? కాదని 1970లోనే బ్రిటిష్ సామాజిక పరిశోధకుడు రిచర్డ్ టిట్మస్ వాదించాడు. డబ్బు పెడితే ఇచ్చే గుణం దెబ్బతింటుందని, అమ్ముకునేవాడు తన జబ్బు దాచే అవకాశం ఎక్కువ కాబట్టి రక్తం నాణ్యత కూడా పడిపోతుందని అన్నాడు. స్వీడన్‌లో దీన్ని పరీక్షించారు, 2008లో ఫలితాలు వచ్చాయి. రక్తదాతగా చేరడానికి ఆరోగ్య పరీక్ష చేయించుకుంటారా అని అడిగితే మహిళల్లో 52 శాతం సరేనన్నారు. డబ్బిస్తామంటే 30కి పడింది. ఆ డబ్బు ఛారిటీకి ఇచ్చేయొచ్చంటే మళ్లీ 53. మగవాళ్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

అలాగని డబ్బు ఎప్పుడూ చెడగొడుతుందనుకోకండి. అమెరికాలో గిఫ్ట్ కార్డులు ఇచ్చి చూస్తే దాతలు పెరిగారు. నేను రోజూ చూసేవాళ్లలో ఇంట్లోవాళ్ల కోసం వచ్చి తర్వాత మానలేకపోయినవాళ్లున్నారు, ఫ్రెండ్ లాక్కొస్తే వచ్చినవాళ్లున్నారు, సూది చూడగానే టెన్షన్ పడుతూ కూడా మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లున్నారు. అందరికీ ఒకే కారణం అంటే నాకు నవ్వొస్తుంది.

సందేహాల సంచి:
చాక్‌పీస్ గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. "ఏ తృప్తీ లేకుండా చేశాడని తేలితే ఒప్పుకుంటా" అన్నాడు. ఎలా తేలుస్తావంటే, ఫోన్ వచ్చిందని లేచిపోయాడు. బానే ఉంది. కానీ ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. ఒకవేళ ఆయన మాటే నిజమనుకుందాం. అప్పుడు నేను చేసే పని విలువ తగ్గుతుందా?

వెనక బెంచీ:
అది వేరే ప్రశ్న. మనుషులు ఎలా నడుచుకుంటారో చెప్పే సిద్ధాంతాలు దీనికి జవాబు చెప్పలేవు, ఎలా నడుచుకోవాలో చెప్పేవాళ్లని అడగాలి. మీ ఆఫీసాయన చెప్పేది జర్మన్ తత్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్‌కి కొత్తేం కాదు. పూర్తిగా కర్తవ్యం కోసమే చేసిన పని లోకంలో ఒక్కటైనా ఉందని రూఢిగా చెప్పలేమని, ఎంత తవ్వినా లోపల స్వప్రీతి దాగి ఉండొచ్చని 1785లో ఆయనే రాశాడు. అయినా ఏది చేయాలన్నది దాంతో మారదన్నాడు. కాకపోతే ఉద్దేశం విషయంలో మహా కఠినం. బేరం పోకూడదని పసిపిల్లాడికి కూడా సరైన ధరకే అమ్మే వర్తకుడికి నైతికంగా మార్కులు వేయడు.

ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ఇంకోలా చెప్తాడు. మునిగిపోతున్నవాణ్ణి కాపాడితే అది సరైన పనే, ధర్మమని కాపాడినా, ఏదైనా ముడుతుందని కాపాడినా. ఉద్దేశం మనిషి ఎలాంటివాడో చెప్తుంది గానీ పని మంచిచెడ్డల్ని మార్చదు. నా ఓటు మిల్‌కే. మీ ప్లేట్‌లెట్లు ఎక్కించుకునే రోగికి మీ అంతరంగంతో పనిలేదు.

పాత చాక్‌పీస్:
బెంచీ గారూ, అక్కడే నాకు పేచీ. ముడుతుందని కాపాడేవాడు, చేతిలో పైసా లేనివాడు మునుగుతుంటే గట్టునే ఉంటాడు. కాంట్ వర్తకుడూ అంతే, మోసం చేసినా బేరం పోదని తెలిసిన రోజు ఏం చేస్తాడో చెప్పలేం. రాత్రి డ్యూటీ గారు చెప్పిన జబ్బు దాచి అమ్ముకునేవాణ్ణి చూడండి. రోగికి దాత అంతరంగంతో పనిలేదంటే ఎలా, ఆ ఉద్దేశం సీసాలోకి కూడా దిగుతుంది కదా.