గ్యారీ అబ్లెట్ జూనియర్ గోల్డ్ కోస్ట్‌కు వెళ్లడం నష్టమేనా?

ప్రశ్న: మెల్‌బోర్న్ కొత్తవాసి
ఇక్కడికి వచ్చాక ఏఎఫ్‌ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) చూడడం అలవాటైంది. పాత మిడ్‌ఫీల్డర్ల గురించి చదువుతుండగా ఒక సందేహం కలిగింది. గీలాంగ్ తరఫున 2007లోనూ 2009లోనూ ప్రీమియర్‌షిప్ (లీగ్ కప్పు) గెలిచి, 2009లోనే బ్రౌన్‌లో పతకం (అంపైర్ల ఓట్లతో సీజన్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది) కూడా అందుకున్న గ్యారీ అబ్లెట్ జూనియర్, 2010 సీజన్ ముగియగానే, అప్పటికి లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని గోల్డ్ కోస్ట్ సన్స్‌కు వెళ్లిపోయారు. మరుసటి ఏడాదే గీలాంగ్ ఆయన లేకుండా మళ్లీ కప్పు గెలిచింది. సన్స్ మూడే విజయాలతో పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ నిర్ణయం ఆయన కెరీర్‌ను దెబ్బతీసిందని అనుకోవచ్చా?

జవాబు: గీలాంగ్ అభిమాని
కప్పుల లెక్కలో నష్టమే, సందేహం లేదు. అయితే మిడ్‌ఫీల్డర్‌గా ఆయన స్థాయి గోల్డ్ కోస్ట్‌లోనే పూర్తిగా బయటపడిందని నా అభిప్రాయం. మొదట్లో ఆయన గోల్ దగ్గర తిరిగే చిన్న ఫార్వర్డ్ మాత్రమే. 2006లో గీలాంగ్ పదో స్థానానికి పడిపోయాక, 2007 నుంచి ఎక్కువగా మధ్య మైదానంలో ఆడి జట్టు ఆటకే ఇరుసుగా మారారు. గీలాంగ్‌లో చుట్టూ మేటి ఆటగాళ్లు ఉండేవారు కాబట్టి ప్రత్యర్థులు ఆయన ఒక్కరిపైనే దృష్టి పెట్టలేకపోయేవారు. సన్స్‌లో ఆ వెసులుబాటు లేదు. జట్టులో చాలామంది కుర్రవాళ్లు, కెప్టెన్ ఆయనే, పైగా ఆయన్ని కట్టడి చేయడానికి నీడలా అంటిపెట్టుకుని తిరిగే ప్రత్యర్థి ఆటగాడు, అంటే ట్యాగర్. ఆనాటి మ్యాచ్‌లు చూస్తే, నడుము పట్టి పడేస్తున్నా ఆయన చేతులు మాత్రం పైకి, స్వేచ్ఛగా ఉండేవి. ఒక అరచేతిలోని బంతిని రెండో పిడికిలితో గుద్ది, కింద పడేలోపే సహచరుడికి అందించేవారు. 2013లో సన్స్ గెలిచినవి ఎనిమిది మ్యాచ్‌లే. ప్రతి మ్యాచ్ తర్వాత అంపైర్లు ముగ్గురు ఆటగాళ్లకు 3, 2, 1 చొప్పున ఇచ్చే ఓట్లు సహజంగా గెలిచిన జట్టు వైపే మొగ్గుతాయి. అయినా ఆయన 28 ఓట్లతో రెండో బ్రౌన్‌లో పతకం గెలిచారు. ఒక్క ఓటు తేడాతో వెనకబడింది ఎవరనుకుంటున్నారు? మా గీలాంగ్ కెప్టెన్ జోయెల్ సెల్‌వుడ్ గారే!

జవాబు: బ్రిస్బేన్ వీక్షకుడు
పై మిత్రుడితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ఆ భారానికి శరీరం చెల్లించిన మూల్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014లో సన్స్ తొలిసారి ఫైనల్స్‌కు (లీగ్ దశ తర్వాతి నాకౌట్ దశకు) చేరుతుందేమో అనిపిస్తున్న సమయంలో, జూలైలో కాలింగ్‌వుడ్‌పై ఆడుతూ భుజం దెబ్బతిని ఆయన ఆ సీజన్‌కు దూరమయ్యారు. జట్టు కూడా ఆశలు వదులుకోవలసి వచ్చింది. ఆ తర్వాతి సీజన్లలోనూ గాయాలు వెంటాడాయి. ఆయన ఉన్నన్నాళ్లూ సన్స్ ఒక్క ఫైనల్ కూడా ఆడలేదు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి 2018లో గీలాంగ్‌కు తిరిగి వచ్చాక ఏం జరిగింది?

జవాబు: గీలాంగ్ అభిమాని
అప్పటికి వయసు మీద పడింది కాబట్టి ఎక్కువగా ఫార్వర్డ్ వరుసలోనే ఆడారు. కోవిడ్ వల్ల బ్రిస్బేన్‌లోని గబ్బాలో జరిగిన 2020 గ్రాండ్ ఫైనల్ (కప్పు తేల్చే తుది పోరు) ఆయన చివరి మ్యాచ్. ఆరంభంలోనే భుజానికి గాయమైనా మళ్లీ మైదానంలోకి వచ్చి ఆడారు కానీ, రిచ్‌మండ్ 31 పాయింట్ల తేడాతో గెలిచింది. మొత్తం 357 మ్యాచ్‌లలో 110 గోల్డ్ కోస్ట్‌కు, మిగిలినవన్నీ మాకు.