టిబిలిసిలో సమేబా చర్చికి మా అమ్మని తీసుకెళ్తున్నాం, ఏమేం తెలుసుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. మా అమ్మాయి జార్జియాలో, టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతోంది. నేను, మా ఆవిడ, మా అమ్మ నవంబర్ 22న అక్కడ దిగి పది రోజులు ఉంటాం. అమ్మకి 71 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అమ్మాయి వీడియో కాల్ చేసినప్పుడల్లా కిటికీలోంచి కొండ మీద బంగారు గోపురం కనిపిస్తుంది. "ఆ గుడికి నన్ను తీసుకెళ్ళరా" అని అమ్మ ఒకటే పట్టు. దాన్ని సమేబా అంటారట. మేం హిందువులం, లోపలికి రానిస్తారా? చీరతో వెళ్ళొచ్చా? చెప్పులు ఎక్కడ వదలాలి? టికెట్ ఉంటుందా? తెలియక ఏదైనా తప్పు చేస్తామేమోనని టెన్షన్‌గా ఉంది. అమ్మ శాకాహారి, తిండి సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

జవాబు:

అన్నయ్య గారూ, ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. మా అత్తగారిని రెండుసార్లు సమేబాకి తీసుకెళ్ళాను కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు. ఏ మతం వాళ్ళనైనా లోపలికి రానిస్తారు, టికెట్ లేదు. అమ్మగారు నిశ్చింతగా చీరలో రావచ్చు. అసలు చీరే మేలు, కొంగు తల మీదికి లాక్కుంటే సరిపోతుంది. ఆడవాళ్ళు తల కప్పుకోవాలి, మోకాళ్ళు కనపడకూడదు. మీ అమ్మాయి జీన్స్‌తో వస్తే చున్నీ తెచ్చుకోమనండి. నడుముకి చుట్టుకునే గుడ్డలు చాలా చర్చిల్లో గుమ్మం దగ్గరే పెడతారు, జీన్స్ పైనే చుట్టుకోవచ్చు. మీరు మాత్రం టోపీ తీసేయాలి. చలికి మంకీ క్యాప్ పెట్టుకుని అలాగే లోపలికి వెళ్ళిపోయే మన పెద్దవాళ్ళని చాలామందిని చూశాను, అందుకే ముందే చెబుతున్నా.

చెప్పులు విప్పక్కర్లేదు. ఇక్కడ ఎవరూ విప్పరు.

మెట్రోలో అయితే అవ్లబారి స్టేషన్‌లో దిగి పది పదిహేను నిమిషాలు ఎగువకి నడవాలి. అమ్మగారితో అది వద్దు. ఇక్కడి మెట్రోలో ఎస్కలేటర్లు చాలా పొడవు, మన మాల్స్‌లో వాటికంటే బాగా వేగం కూడా. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అడుగు వేయడానికే భయపడతారు. బోల్ట్ యాప్‌లో కారు పెట్టుకుని గేటు దాకా వెళ్ళండి. లోపల ఆవరణ పెద్దది, మెట్లూ ఉన్నాయి, ఆగి ఆగి ఎక్కించండి.

ఆ గుడి చూడటానికి పాతకాలం నాటిదిలా ఉంటుంది గానీ 1995లో మొదలుపెట్టి 2004లో పూర్తి చేశారు. జార్జియన్ చర్చి స్వతంత్రమై 1500 ఏళ్ళు, క్రీస్తు పుట్టి 2000 ఏళ్ళు అయిన సందర్భంగా కట్టారు. ఖర్చులో చాలా భాగం వ్యాపారులు, మామూలు జనం ఇచ్చిన చందాలే. ప్రతిష్ఠ జరిగింది నవంబర్ 23న, సెయింట్ జార్జ్ పండుగ నాడు. అంటే మీరు దిగిన మర్నాడే ఆ పండుగ. దేశమంతా సెలవు, గుడి కిటకిటలాడుతుంది. అమ్మగారితో ఆ రోజు వెళ్ళకండి.

నా మాట వింటే శనివారం సాయంత్రం వెళ్ళండి. 5 గంటల ప్రాంతంలో సాయంత్రపు ప్రార్థన ఉంటుంది, వేళ ఒకసారి అక్కడే కనుక్కోండి. హార్మోనియం, ఆర్గన్ ఏమీ ఉండవు, ఒట్టి గొంతులే. మూడు శ్రుతుల్లో వేర్వేరుగా పాడుతూ కలిసిపోతారు. ఈ గానాన్ని యునెస్కో 2001లోనే గుర్తించింది. మా అత్తగారికి భాష ఒక్క ముక్క రాదు, అయినా గంటసేపు కళ్ళు మూసుకుని విన్నారు.

మన దగ్గరి చర్చిల్లోలాగా వరసగా బెంచీలు ఉండవు, అందరూ నిలబడే ఉంటారు. అలాగని చివరిదాకా ఉండాల్సిన పనేం లేదు, మధ్యలో చప్పుడు చేయకుండా బయటికి రావచ్చు. ఎదురుగా యేసు, మేరీమాత, సెయింట్ల పటాలతో నిండిన అడ్డుగోడ కనిపిస్తుంది. దాని వెనక ఉన్నది గర్భగుడి అనుకోండి, అటు అడుగు పెట్టకూడదు. ప్రార్థన జరుగుతుంటే ఫోన్ జేబులోనే ఉంచండి.

కొవ్వొత్తి మాత్రం అమ్మగారి చేత తప్పకుండా వెలిగించండి, గుమ్మం దగ్గరే అమ్ముతారు. సన్నగా, అగరొత్తి కంటే కాస్త లావుగా ఉంటుంది. తేనె మైనంతో చేసింది కాబట్టి అరచేతి వేడికే వంగిపోతుంది. పక్కనున్న దీపం నుంచి వెలిగించి, అడుగుభాగాన్ని కూడా ఒక్క క్షణం మంట దగ్గర పెట్టి మెత్తబరిచి నిలబెట్టాలి, లేకపోతే పడిపోతుంది. మొదటిసారి మా అత్తగారిది మూడుసార్లు పడింది. పక్కనున్న ముసలావిడ ఏమీ మాట్లాడకుండా ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబెట్టించింది.

ఇంకొకరి జవాబు:

అంకుల్, నేనూ ఇక్కడే చదువుతున్నాను, నాలుగో సంవత్సరం. ఒక్క జాగ్రత్త చెప్తాను. ఆదివారం పొద్దున పూజ చివర్లో జనం చేతులు గుండె మీద కట్టుకుని లైన్‌లో నిలబడతారు, ఫాదర్ చెంచాతో నోట్లో ఏదో పోస్తారు. తీర్థం అనుకుని నేనూ నిలబడ్డాను. అది ఆర్థడాక్స్ చర్చిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే. వెనకున్న ఆంటీ మెల్లగా అడిగి, పక్కకి తీసుకెళ్ళి, తర్వాత తన చేతిలోని రొట్టె ముక్క తుంచి ఇచ్చింది. అలా ఎవరైనా ఇస్తే తీసుకోవచ్చు.

తిండికి "సమర్ఖ్వో" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఉపవాసపు వంట అని అర్థం, మాంసం, గుడ్లు, పాలు ఉండవు. బుధ, శుక్రవారాలు ఇక్కడ ఉపవాసం. నవంబర్ 28 నుంచి క్రిస్మస్ ఉపవాసం మొదలవుతుంది, వీళ్ళ క్రిస్మస్ జనవరి 7. కాబట్టి మీరున్న చివరి రోజుల్లో నానమ్మగారికి ఇబ్బంది ఉండదు. వాల్‌నట్ ముద్ద పెట్టిన వంకాయ, లోబియో అనే చిక్కుడు గింజల కూర బావుంటాయి. చిక్కుడు గింజలు కూరిన రొట్టె లోబియాని. కానీ "రాచులి" అని ఉంటే వద్దు, అందులో పంది మాంసం వేస్తారు.

మళ్ళీ ప్రశ్న:

చెల్లెమ్మా, బాబూ, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మన దేశం నుంచి ఒక రాణిగారి అస్థికలు అక్కడికి పంపారని మా ఆవిడ ఎక్కడో విన్నదట. నిజమేనా?

జవాబు:

నిజమే అన్నయ్య గారూ, మా ఆయన ఇక్కడివాళ్ళకి మొదట చెప్పేది ఈ కథే. కేతేవాన్ అని జార్జియాలోని కాఖేతి రాజ్యపు రాణి. మతం మారనన్నందుకు 1624లో షిరాజ్‌లో పర్షియా షా అబ్బాస్ ఆవిడని చిత్రహింసలు పెట్టి చంపించాడు. పోర్చుగీసు సన్యాసులు కొన్ని ఎముకలు రహస్యంగా గోవాకి తెచ్చారు. 2005లో పాత గోవాలోని సెయింట్ అగస్టీన్ చర్చి శిథిలాల్లో మన పురావస్తు శాఖవాళ్ళకి ఒక ఎముక దొరికింది. అది ఆవిడదేనా అని డీఎన్‌ఏ పరీక్ష చేసింది ఎవరనుకున్నారు? మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ! ఆ ఎముకలో దొరికిన జన్యు రకం మన దేశంలోవాళ్ళలో కనపడలేదు, జార్జియావాళ్ళలో ఉంది. 2021 జూలైలో మన విదేశాంగ మంత్రి జైశంకర్ గారు టిబిలిసికి వచ్చి అస్థికల్లో ఒక భాగాన్ని స్వయంగా అప్పగించారు. గుడిలో ఎవరైనా ఎక్కడినుంచి అని అడిగితే "ఇండోయేతి" అనండి, పెద్దవాళ్ళు ఎంత ఆప్యాయంగా చూస్తారో మీకే తెలుస్తుంది.

ఓపికుంటే ఇంకో రోజు పాత ఊళ్ళోని సియోని గుడికి వెళ్ళండి. జార్జియాకి క్రైస్తవం తెచ్చిన సెయింట్ నీనో ద్రాక్ష తీగతో చేసి తన జుట్టుతో కట్టిందని చెప్పే శిలువ అక్కడుంది. సమేబా కంటే చాలా చిన్నది, అమ్మగారికి తేలిక.

మళ్ళీ ప్రశ్న:

అన్నీ అమ్మకి చదివి వినిపించాను. అన్నిటికీ సరే అంది. ఒక్క చెప్పుల దగ్గరే ఆగిపోయింది. గుడిలోకి చెప్పులతో ఎలా వెళ్తానురా అంటోంది.

జవాబు:

మా అత్తగారూ అదే అన్నారు. నవంబర్‌లో ఆ రాతి నేల మంచులా ఉంటుంది, వట్టి కాళ్ళతో వద్దే వద్దు. గుడికని ఒక జత మెత్తటి బూట్లు కొత్తవి కొని సంచిలో పెట్టండి. కారు దిగేముందు వేసుకుంటే వాటితో వీధి తొక్కినట్టు ఉండదు. మేం అలాగే చేశాం, ఆవిడ ఇంక ఏమీ అనలేదు.