మార్చిలో మావాడికి 21 నిండుతాయి. గ్రీన్‌కార్డు ఉన్న మేము ఇప్పుడు ఏం చేయాలి?

తెనాలి నాన్న:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

మా అక్క అమెరికా సిటిజన్. 2005 నవంబర్‌లో నాకు ఎఫ్4 పిటిషన్ (సిటిజన్లు తోబుట్టువులకి వేసేది) వేసింది. అప్పటికి మావాడికి ఎనిమిది నెలలు. 2009 మార్చిలో అప్రూవ్ అయిందని ఫోన్ చేస్తే "సర్లే అక్కా" అని పెట్టేశా, అంతే, మర్చిపోయాం. 2023లో ఫీజులు కట్టమని ఈమెయిల్ వస్తే ఏదో మోసం అనుకుని రెండు రోజులు తెరవలేదు కూడా. 2024 జులైలో ముంబైలో ఇంటర్వ్యూ అయింది. సెప్టెంబర్‌లో నేను, మా ఆవిడ న్యూజెర్సీలోని ఎడిసన్‌లో దిగాం.

వాడిని తీసుకురాలేదు. అదీ మేము చేసిన తప్పు. అప్పుడు బీటెక్ మూడో ఏడులోకి వచ్చాడు. మాకు కాగితాలు చూసిన ఏజెంటు, "మధ్యలో చదువు ఎందుకు పాడుచేస్తారు, 21 లోపు మీరే వేసుకోవచ్చు, పెద్ద పనేం కాదు" అన్నాడు. మెడికల్ కూడా మేమిద్దరమే చేయించుకున్నాం. ఇప్పుడు వాడు ఫైనల్ ఇయర్, వాళ్ల నానమ్మ దగ్గర ఉంటున్నాడు.

పోయిన వారం వేర్‌హౌస్‌లో లంచ్ బ్రేక్‌లో ఒకాయన, 21 దాటితే లైనే మారిపోతుందని చెప్పాడు. అప్పట్నుంచి నిద్ర లేదు. మా ఆవిడ పైకి ఏమీ అనదు గానీ, వంటింట్లో క్యాలెండర్‌లో వచ్చే మార్చి పేజీని క్లిప్పు పెట్టి మడిచేసింది.

ఇప్పుడు మేమే వాడికి ఐ-130 (కుటుంబ సభ్యులకి వేసే పిటిషన్ ఫారం) వేస్తే పని జరుగుతుందా? ఎంఎస్ పేరుతో స్టూడెంట్ వీసా మీద రప్పించమని కొందరు అంటున్నారు, అది మంచిదేనా?

ఒహాయో అమ్మ:

అన్నయ్యా, మీ ఏజెంటు సగమే చెప్పాడు. 21 లోపు వేస్తే చాలదు, వీసా నంబరు (అంటే క్యూలో మన వంతు) వచ్చే రోజుకి లెక్కలో వయసు 21 లోపు ఉండాలి. ఆ లెక్కనే సీఎస్‌పీఏ అంటారు, 2002లో వచ్చిన చట్టం. నంబరు వచ్చిన రోజు అసలు వయసులోంచి, పిటిషన్ వేసిన రోజు నుంచి అప్రూవ్ అయ్యేదాకా ఎన్ని రోజులు పెండింగ్‌లో ఉందో అన్ని రోజులు తీసేస్తారు.

నేను మా అమ్మాయికి 2021లో వేశా. దానికి 21 నిండటానికి ఇంకా 26 రోజులే ఉంది. రెండో రోజు రశీదు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. అప్పుడు ఎఫ్2ఏ (గ్రీన్‌కార్డు వాళ్ల భార్యాభర్తలు, 21 లోపు పెళ్లికాని పిల్లల కేటగిరీ) కరెంట్‌లో ఉండేది, అంటే లైనే లేదు. అందుకని వేసిన రోజు వయసే దాని వయసుగా నిలబడిపోయింది. 2023 ఏప్రిల్ వీసా బులెటిన్‌తో (ఎవరి వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే పట్టిక) ఆ భాగ్యం పోయింది, మళ్ళీ క్యూ పడింది.

ఇప్పుడు వేసేవాళ్లకి విచిత్రం ఏంటంటే, అప్రూవల్ తొందరగా వస్తేనే నష్టం. మీవాడిది ఇవాళ వేస్తే 20 ఏళ్ల 7 నెలలు. అప్రూవ్ అయ్యాక నంబరు కోసం ఎదురుచూసే ప్రతి రోజూ మళ్ళీ వయసులో కలుస్తుంది, చేతిలో ఉన్నది ఐదు నెలలే. అది దాటితే దానంతట అదే ఎఫ్2బీలోకి (21 దాటిన పెళ్లికాని పిల్లల కేటగిరీ) పోతుంది. పిటిషన్ వేసిన తేదీ అలాగే ఉంటుంది గానీ అక్కడ లైను ఎనిమిది, తొమ్మిదేళ్లు. అయినా వేసేయండి. ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద అయితే 675.

ఇంకో మాట. ఈలోగా వాడికి పెళ్లి చేయకండి. గ్రీన్‌కార్డు వాళ్లు పెళ్లయిన పిల్లలకి వేసే కేటగిరీయే లేదు, పిటిషన్ అక్కడితో రద్దయిపోతుంది. మా పిన్నిగారి ఇంట్లో ఆరేళ్లు ఎదురుచూసి, ఇక రాదులే అని పిల్లకి పెళ్లి చేశారు. నిశ్చితార్థం వరకు ఇబ్బంది లేదు.

డాలస్ బాబాయ్:

ఎందుకండీ ఈ గొడవంతా, ఎంఎస్‌కి పంపించేయండి. వచ్చాక చూసుకోవచ్చు.

పాత ఫైలు:

బాబాయ్ గారూ, ఆ సలహా ఇవ్వకండి. స్టూడెంట్ వీసా దరఖాస్తు డీఎస్-160లో మీకోసం ఎవరైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా అని అడుగుతారు. అవునని రాయాలి. రాశాక, చదువు అయ్యాక వెనక్కి వస్తానని ఆఫీసర్‌ని నమ్మించడం ఆ కుర్రాడికి కష్టం. లేదని రాస్తే అబద్ధం, అది జీవితాంతం వెంటాడుతుంది.

తెనాలి నాన్న గారూ, మీరు అసలు తలుపు వదిలేసి కిటికీ దగ్గర నిలబడ్డారు. మీవాడు మీ ఎఫ్4 కేసులోనే ఉన్నాడు కదా? మీరు ముందు వచ్చినంత మాత్రాన వాడి హక్కు పోదు. దీన్ని ఫాలో టు జాయిన్ అంటారు. కొత్త పిటిషన్ అక్కర్లేదు, మీ 2005 తేదీనే వాడిదీ, అది ఇప్పటికీ కరెంటే.

వయసు లెక్క కూడా ఆ పాత పిటిషన్‌తోనే. 2005 నవంబర్ నుంచి 2009 మార్చి దాకా పెండింగ్, అంటే మూడేళ్ల నాలుగు నెలలు. 2024 మొదట్లో మీ తేదీ కరెంట్ అయి ఉంటే అప్పటికి వాడికి దాదాపు 19. తీసేస్తే పదిహేనున్నర. కాకపోతే ఒక షరతు: నంబరు వచ్చిన ఏడాదిలోపు వాడి తరఫున ఏదో ఒకటి చేసి ఉండాలి. వీసా ఫీజు కట్టినా, ఇమ్మిగ్రెంట్ వీసా దరఖాస్తు డీఎస్-260 పంపినా సరిపోతుంది. వాడి పేరు మీద అప్పుడు ఫీజు కట్టారా?

తెనాలి నాన్న:

నాకు గుర్తులేదండీ. అమెరికా బ్యాంకు ఖాతా నుంచే కట్టాలంటే అక్క కట్టింది. అడుగుతాను.

తెనాలి నాన్న:

అక్క, బావగారు రాత్రి పదకొండింటికి డబ్బాలన్నీ దించి వెతికారు. రశీదు దొరికింది. 120 ఒకటి, 975 ఒకటి. ఈ 975 ఏంటో అర్థం కాలేదు.

పాత ఫైలు:

వీసా ఫీజు మనిషికి 325. ఇద్దరికైతే 650. 975 అంటే ముగ్గురికి. వాడికీ కట్టారండీ!

ఆ రశీదు తేదీ, బులెటిన్ తేదీ పక్కపక్కన పెట్టి ఒక లాయరుకి చూపించండి, ఈ ఒక్క ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు. మీరు ముంబైలో వీసా తీసుకునే వచ్చారు కాబట్టి ఫాలో టు జాయిన్‌కి ఐ-824 అనే ఫారం అక్కర్లేదు, పాత కేసు నంబరుతో ఎన్‌వీసీకి (నేషనల్ వీసా సెంటర్), ముంబై కాన్సులేట్‌కి రాయండి. మీ అక్క మళ్ళీ ఐ-864 (స్పాన్సర్ ఇచ్చే ఆర్థిక హామీ పత్రం) ఇవ్వాలి, కొత్త ట్యాక్స్ కాగితాలతో. మార్చిలోపే వాడు దిగిపోతే ఏ లెక్కతోనూ పని లేదు, కాబట్టి ముందు దానికే ప్రయత్నించండి. ఒహాయో అమ్మగారు చెప్పిన ఐ-130 కూడా వేసి ఉంచండి. పెళ్లి షరతు దీనికీ వర్తిస్తుంది.

తెనాలి నాన్న:

మీరు ఎవరో గానీ చేతులెత్తి దండం పెడుతున్నా. మా ఆవిడ ఈ పేజీ నాలుగుసార్లు చదివింది. వాడికి ఫోన్ చేస్తే "సెమిస్టర్ పరీక్షలు ఉన్నాయి నాన్నా, డిసెంబర్ తర్వాత చూద్దాం" అంటున్నాడు, వాడికి మా టెన్షన్ ఎక్కడ అర్థమవుతుంది.

ఒక చిన్న సందేహం. వాడి పాస్‌పోర్టు ఆగస్టులో అయిపోతుంది. ముందు అది రెన్యూ చేయించాలా, పోలీసు క్లియరెన్స్ తీసుకోవాలా?

పాత ఫైలు:

పాస్‌పోర్టే ముందు. పీసీసీ (పోలీసు క్లియరెన్స్) మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది, ముందు తీసుకుంటే పాత నంబరుతో వస్తుంది. ఈ వారమే స్లాట్ బుక్ చేయమనండి, పరీక్షలకి అది అడ్డం కాదు.