బ్రిటన్ రాక్ బృందం కోల్డ్‌ప్లే మొదటి ఆల్బమ్ ‘పారాచూట్స్’ ఈమధ్య ఎవరైనా మళ్లీ విన్నారా?

ప్రశ్న

కోల్డ్‌ప్లే మీద నాకు మోజు తగ్గి చాలా కాలమైంది. 2011లో ‘మైలో జైలోటో’ ఆల్బమ్ వచ్చే వరకు ప్రతి పాటా వదలకుండా విన్నాను. 2017లో చెయిన్‌స్మోకర్స్ అనే డీజే జంటతో కలిసి చేసిన పాట విన్నాక ఇక చాలనిపించింది. 2025 జనవరిలో జరిగిన ముంబై, అహ్మదాబాద్ కచేరీల టికెట్ల కోసం స్నేహితులు పోటీపడినా నాకు వెళ్లాలనిపించలేదు. మెరిసే చేతిపట్టీలు, రంగుకాగితాల వాన, వీటి మధ్య పాట ఎక్కడో తప్పిపోతుందని నా బాధ.

మొన్న రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ‘పారాచూట్స్’ మొదటి నుంచి విన్నాను. ‘షివర్’, ‘యెల్లో’ నోటికొచ్చిన పాటలే. నన్ను పట్టుకున్నది మాత్రం ‘స్పార్క్స్’. అందులో రాగాన్ని మోసేది బేస్ గిటార్. గై బెరీమన్ వాయిస్తుంటే మిగతావాళ్లు పక్కకు తప్పుకుని దారిస్తారు. క్రిస్ మార్టిన్ గొంతు పెంచడు, ఎదురుగా కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు పాడతాడు. ఇక ఆల్బమ్ పేరున్న పాట నిమిషం కూడా ఉండదు. ఈ రోజుల్లో అయితే దాన్ని సాగదీసి, వెనక బృందగానం చేర్చేవారు.

ఈ ఆల్బమ్ నిజంగానే ఇంత బాగుందా, లేక పాత రోజుల మీద మమకారంతో నాకలా వినిపిస్తోందా? మీ అభిప్రాయం చెప్పండి.

జవాబు 1

మమకారం కాదండీ. గిటార్ వాయించేవాడిగా చెబుతున్నాను. ‘యెల్లో’ను మామూలు శ్రుతిలో ఎంత వాయించినా ఆ మోత రాదు. నాలుగో తీగను డి నుంచి బికి, మొదటి తీగను ఇ నుంచి డి షార్ప్‌కు దించాలి. అప్పుడు నొక్కకుండా వదిలిన తీగలు కూడా స్వరంలో కలిసి మోగుతూనే ఉంటాయి. ఆ పాట నిండుదనమంతా అక్కడే ఉంది. డ్రమ్స్ కూడా గమనించండి. విల్ చాంపియన్ ఈ బృందంలో చేరడానికే డ్రమ్స్ నేర్చుకున్నాడు. అందుకేనేమో, ఎక్కడా తన నైపుణ్యం చూపించాలన్న తొందర కనిపించదు.

జవాబు 2

ఆల్బమ్ మంచిదే, కానీ రెండో సగం నీరసం. ‘వీ నెవర్ చేంజ్’ దగ్గర నేను ప్రతిసారీ ముందుకు జరుపుతాను. నా లెక్కలో వాళ్ల అసలైన పని 2002 నాటి ‘ఎ రష్ ఆఫ్ బ్లడ్ టు ద హెడ్’. మీరు బాధపడుతున్న మార్పు కూడా 2011లో మొదలైంది కాదు. 2005లో ‘ఎక్స్ అండ్ వై’ వచ్చినప్పుడే ప్రతి పాటా స్టేడియం కొలతలకు కుట్టినట్టుంది. ఇంకొక్క మాట, ‘యెల్లో’ మొదట్లో విరుచుకుపడే ఆ గిటార్ కూడా పెద్ద మైదానాన్ని అడుగుతున్నదే కదా!

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మొదటి జవాబు చదివి తమ్ముడి గిటార్‌కు ఆ శ్రుతి పెట్టించాను. ఒక్కసారి మీటగానే తేడా తెలిసింది.

‘ఎక్స్ అండ్ వై’ గురించి మీరన్నది ఒప్పుకుంటాను. ‘వీ నెవర్ చేంజ్’ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఆ పాట నెమ్మదే దాని బలం. దాన్ని దాటేస్తే చివరి ‘ఎవ్రీథింగ్స్ నాట్ లాస్ట్’లో పియానో మెల్లగా పైకి లేవడం సగమే అందుతుంది. ఈసారి జరపకుండా వినండి.

ఇప్పుడు నేను ఇంకా వెనక్కి, 1999 నాటి ‘ద బ్లూ రూమ్’ అనే ఐదు పాటల చిన్న రికార్డుకు వెళ్లాను. ‘డోంట్ పానిక్’ పాత రూపం అందులో ఉంది. ఆల్బమ్‌లోని ‘హై స్పీడ్’ కూడా అక్కడి నుంచి వచ్చినదే. అందుకే ఆ పాట నిర్మాత, మిగతా ఆల్బమ్‌కు పనిచేసిన కెన్ నెల్సన్ కాదు, క్రిస్ ఆలిసన్. రెండు ‘డోంట్ పానిక్’లనూ పక్కపక్కన పెట్టి విన్నవారుంటే ఏది నచ్చిందో రాయండి. నా ఓటు ఆల్బమ్‌లోని దానికే.